కంప్యూటర్లో పట్టాదారు ఎవరు?

ఒక బడి అనుకోండి. మా లక్సెట్టిపేట లాంటి ఊళ్ళోనే, గోదావరికి దగ్గరగా ఉందనుకుందాం. ఈ ప్రాంతంలో వాన అంటే పంటల సంగతి ఒక్కటే కాదు. 2022 జూలైలో ఎగువన కడెం ప్రాజెక్టుకు వచ్చిన వరద చూసి, కట్ట నిలుస్తుందా లేదా అని ఊళ్ళకు ఊళ్ళు కంటిమీద కునుకు లేకుండా గడిపాయి. అలాంటి చోట పదో తరగతి పిల్లలు కొందరు బడి ఆవరణలో వానమాపకం పెట్టారు. వాతావరణ శాఖ వారిలాగే రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నీటిమట్టం చూసి, ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో ల్యాబులోని కంప్యూటర్లో ఒక ఫైలులో రాస్తున్నారు. ఆ కంప్యూటరును నడిపేది లినక్స్. దాన్ని వాడుకునే పిల్లలు ముప్ఫైమంది.

ఫైలు శ్రీలత పేరున ఉంది. పొరపాటున ఎవరూ చెరపకూడదని, ఆ రోజు అంకె వేయగానే ఆ ఫైలును 'చదవడానికి మాత్రమే' అని మార్చేస్తుంది. జూన్, జూలై, ఆగస్టు గడిచాయి. సెప్టెంబరులో ఒక సోమవారం వచ్చి చూస్తే ఫైలు లేదు!

"సార్, తాళం ఏసినం గద, ఎట్ల పోయింది?"

ఈ ప్రశ్న మంచి ప్రశ్న. వ్యాసం పోతే మళ్ళీ రాసుకోవచ్చు. జూలైలో పడ్డ వాన సెప్టెంబరులో కొలవడానికి దొరకదు కదా. పైగా శ్రీలత చేసిన దాంట్లో లోపం కనిపించదు. రాయడానికి ఎవరికీ అనుమతి లేని ఫైలును మరొకరు తుడిచివేయడం ఎలా సాధ్యం? జవాబు తెలియాలంటే ముందు లినక్స్ ఎవరికి ఏ హక్కు ఇస్తుందో చూడాలి.

ఒకే యంత్రం, చాలామంది మనుషులు

ఈ హక్కుల గొడవ లినక్స్‌తో మొదలైంది కాదు. 1960ల్లో కంప్యూటరు అంటే ఒక గది నిండే యంత్రం. దాని ఖరీదు లక్షల డాలర్లు. ఒక్కొక్కరికి ఒకటి కొనిపెట్టే మాటే లేదు. ఒకే యంత్రానికి చాలా టెర్మినల్స్ తగిలించి పదులమంది ఒకేసారి పనిచేసేవారు. అప్పుడు నా ఫైలు నువ్వు చూడొచ్చా, నీ ఫైలులో నేను గీతలు పెట్టొచ్చా అన్న ప్రశ్న తప్పనిసరిగా వచ్చింది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో యూనిక్స్ అనే వ్యవస్థను రాయడం మొదలుపెట్టారు. 1971లో వెలువడిన దాని మొదటి కరదీపికలోనే అనుమతులు మార్చే ఆదేశం ఉంది. మొదట్లో ఆ లెక్క చాలా సాదాగా ఉండేది: యజమాని ఒకరు, యజమాని కానివారు మిగతా అందరూ. మధ్యలో 'బృందం' అన్నది తర్వాత వచ్చి చేరింది. ఫిన్లండులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 21వ ఏట, 1991లో, లినక్స్ రాసినప్పుడు ఈ పద్ధతినే తీసుకున్నాడు. ఈనాడు ప్రపంచంలో అతివేగంగా లెక్కించే 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు నేర్చుకునేదీ ఇదే. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థ వారు దీన్ని తెలుగులో కనిపించేలా చేయడానికి చాలా పాటుపడ్డారు.

తొమ్మిది గడులు

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు, ఒక బృందం ఉంటుంది. మిగిలినవారందరూ 'ఇతరులు'. ఈ ముగ్గురికీ తలా మూడు హక్కులు: చదవడం, రాయడం, నడపడం. మూడు మూళ్ళు తొమ్మిది. తొమ్మిది గడులున్న చీటీ ఒకటి ప్రతి ఫైలుకూ అంటించి ఉంటుందనుకోండి. ఒక్కో గడిలో ఉండేది 'ఔను' లేదా 'కాదు'.

చదవడం, రాయడం అర్థమయ్యేవే. నడపడం అంటే? వాన సగటు కట్టే చిన్న ప్రోగ్రాము రాశారనుకోండి. అదీ ఒక ఫైలే. దాన్ని ప్రోగ్రాముగా నడిపించాలంటే ఈ మూడో హక్కు ఉండాలి. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైలుకు మామూలుగా ఈ హక్కు రాదు. మనమే కావాలని ఇవ్వాలి. ముక్కూమొహం తెలియని ప్రోగ్రాము దానంతటది పరుగెత్తకుండా ఇదొక చిన్న అడ్డుకట్ట.

టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్ అనే ఇంగ్లీషు చిన్న అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, మళ్ళీ ఎల్ కొట్టండి. ఒక్కో ఫైలుకు ఒక్కో వరస వస్తుంది. వరస మొదట్లో పది గుర్తులు. మొట్టమొదటిది ఫైలా, డైరెక్టరీయా చెబుతుంది. డైరెక్టరీ అయితే డి అక్షరం ఉంటుంది. తర్వాతి తొమ్మిదే మన గడులు. చదివే హక్కుంటే ఆర్, రాసే హక్కుంటే డబ్ల్యు, నడిపే హక్కుంటే ఎక్స్, ఏ హక్కు లేకపోతే అక్కడ అడ్డగీత. మొదటి మూడు గుర్తులు యజమానివి, నడిమి మూడు బృందానివి, చివరి మూడు ఇతరులవి. పక్కనే యజమాని పేరు, బృందం పేరు కనిపిస్తాయి.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని విలువలు కట్టారు. 4, 2, 1 లే ఎందుకు? 3, 2, 1 అని పెట్టి చూడండి: 3 అంటే ఒక్క చదవడమా, లేక రాయడమూ నడపడమూ కలిపా? తేలదు. 4, 2, 1 తో ఆ తికమక లేదు. 0 నుంచి 7 వరకు ఏ అంకె తీసుకున్నా దాన్ని ఈ మూడింటితో ఒకే ఒక్క విధంగా కూర్చగలం. 6 అంటే 4, 2, చదవొచ్చు, రాయొచ్చు. 5 అంటే 4, 1, చదవొచ్చు, నడపొచ్చు. మీరు ద్విసంఖ్యామానం చదివి ఉంటే ఇది అదేనని ఈపాటికి పట్టేసి ఉంటారు.

ముగ్గురికి మూడంకెలు. 644 అంటే యజమాని చదవొచ్చు, రాయొచ్చు; బృందమూ ఇతరులూ చదవడం వరకే. 600 అంటే యజమాని తప్ప ఇంకెవరూ ముట్టరాదు. 444 అంటే ఎవరైనా చదవొచ్చు, ఎవరూ రాయరాదు. శ్రీలత తన ఫైలుకు పెట్టింది ఇదే.

మార్చే ఆదేశం పేరు సీహెచ్‌మాడ్. 'చేంజ్ మోడ్' అన్న రెండు మాటలను కుదించారు. సి, హెచ్, ఎం, ఓ, డి అక్షరాలు వరసగా కొట్టి, ఖాళీ వదిలి 444, మళ్ళీ ఖాళీ వదిలి ఫైలు పేరు. అంతే. ఈ మార్పు చేయగలిగేది ఇద్దరే: ఫైలు యజమాని, 'రూట్' అనే సర్వాధికారి.

ఇక్కడొక తమాషా ఉంది. యజమాని తన అనుమతులు మార్చుకోగలడు గాని, తన ఫైలును మరొకరి పేరున రాసివ్వలేడు! అది రూట్ ఒక్కడికే చెల్లు. మన దగ్గర సాగుభూమి పట్టా మారాలంటే తహశీల్దారు ఆఫీసుకు పోవలసిందే కదా, అలాగన్నమాట. లేకపోతే తన వంతు డిస్కు చోటు నిండినవాడు ఫైళ్ళన్నీ పక్కవాడి పేరున రాసి చేతులు దులుపుకుంటాడు.

డైరెక్టరీ సంచి కాదు, పహాణీ

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఫైలు మీద 444 ఉండగా అది ఎలా పోయింది?

డైరెక్టరీ అంటే ఫైళ్ళు కుక్కిన సంచి అనుకుంటాం. తెర మీద పసుపుపచ్చ బొమ్మ కూడా అలాగే ఉంటుంది. కాని లినక్స్‌లో డైరెక్టరీ ఒక జాబితా. అందులో ఉండేవి ఒక పేరు, దాని ఎదురుగా ఒక నంబరు. ఆ నంబరును ఐనోడ్ నంబరు అంటారు. ఫైలు ఎవరిది, ఏ బృందానిది, తొమ్మిది గడుల్లో ఏముంది, అందులోని రాత డిస్కులో ఎక్కడెక్కడ ఉంది అనే వివరాలన్నీ ఆ నంబరుగల ఐనోడ్‌లో ఉంటాయి. చిత్రమేమిటంటే అక్కడ ఫైలు పేరు మాత్రం ఉండదు. పేరు డైరెక్టరీలోనే.

ఇంట్లో పాత పహాణీ నకలు ఉంటే పెద్దవాళ్ళనడిగి ఒకసారి చూడండి. అందులో పొలం ఉండదు. సర్వే నంబరు ఉంటుంది, దాని ఎదురుగా పట్టాదారు పేరు ఉంటుంది. పొలంలో అడుగు పెట్టకుండానే, ఒక్క మట్టిబెడ్డ కదల్చకుండానే, ఆ కాగితం మీద పేరు కొట్టేయవచ్చు. దానికి కావలసింది పొలం మీద హక్కు కాదు, కాగితం మీద కలం పెట్టే హక్కు.

ఫైలు తుడిచివేయడమూ సరిగ్గా ఇదే. తుడిచివేయడం అంటే ఫైలులో రాయడం కాదు, డైరెక్టరీ జాబితాలో ఒక పేరు కొట్టివేయడం. కాబట్టి దానికి కావలసింది ఆ డైరెక్టరీ మీద రాసే హక్కు. ఫైలు తొమ్మిది గడుల్లో ఏముందో లినక్స్ అప్పుడు చూడనే చూడదు. శ్రీలత ఫైలుకు 444 పెట్టింది గాని, దాన్ని ఉంచిన డైరెక్టరీకి ఎవరో, ముప్ఫైమందికీ పని సులువవుతుందని, 777 పెట్టి ఉంచారు. అంటే ముప్ఫైమంది చేతుల్లోనూ పహాణీ, కలమూ ఉన్నాయి. ఎవరో చోటు ఖాళీ చేద్దామని పాత ఫైళ్ళు తీసేస్తూ దీన్నీ తీసేశారు. 'ఇది రాయడానికి వీల్లేని ఫైలు, తీసేయమంటావా?' అని ఆదేశం ఒక్కమాట అడుగుతుంది. వై కొడితే సరి, పోతుంది.

పొలానికైతే ఒక అదృష్టం ఉంది. పేరు కొట్టేసినా మట్టి అక్కడే ఉంటుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ రాయించుకోవచ్చు. ఫైలుకు ఆ అదృష్టం లేదు. ఒక ఐనోడ్‌కు ఉన్న చివరి పేరు కూడా పోతే, దాన్ని తెరిచి వాడుతున్నవాళ్ళెవరూ లేకపోతే, లినక్స్ ఆ చోటును ఖాళీ అని లెక్కవేసి మరో ఫైలుకు ఇచ్చేస్తుంది. 'చివరి పేరు' అన్నాను, గమనించారా? ఒకే ఐనోడ్‌కు రెండు పేర్లు పెట్టుకోవచ్చు. ఎల్, ఎన్ అనే ఆదేశంతో అదే డిస్కులో మీ సొంత డైరెక్టరీలో మరో పేరు పెట్టి ఉంచితే, ఉమ్మడి డైరెక్టరీలో పేరు ఎవరు కొట్టేసినా ఫైలు బతికే ఉంటుంది.

ఇదంతా పావుగంటలో మీరే పరీక్షించవచ్చు. ఒక డైరెక్టరీ తయారుచేసి, అందులో పనికిరాని ఫైలు ఒకటి పెట్టండి. ఫైలుకు 444, డైరెక్టరీకి 755 పెట్టి ఫైలును తీసేయండి. పోతుంది. ఇంకో ఫైలు పెట్టి, ఈసారి తారుమారుగా ఫైలుకు 666, డైరెక్టరీకి 555 పెట్టండి. ఫైలులో ఏమైనా రాయగలరు, ఉన్నదంతా చెరిపి ఖాళీ చేయగలరు, కాని ఫైలును తీసేయలేరు! డైరెక్టరీ మీ సొంతమే అయినా సరే. అయితే ఈ పరీక్ష రూట్‌గా చేయకండి, అతన్ని ఏ గడీ ఆపదు.

డైరెక్టరీకి సంబంధించి 'నడపడం' అన్న హక్కుకు అర్థం మారుతుందని కూడా చెప్పుకోవాలి. జాబితాను నడపడం ఏముంటుంది? అక్కడ ఎక్స్ అంటే 'లోపలికి దాటిపోవచ్చు' అని. చదివే హక్కుంటే పేర్లు చూడవచ్చు, ఎక్స్ ఉంటేనే ఆ పేరు పట్టుకుని ఫైలు దాకా వెళ్ళగలరు. డైరెక్టరీకి 711 పెడితే ఇతరులకు లోపల ఏమున్నాయో కనిపించదు. కాని ఫలానా పేరుగల ఫైలుందని ముందే తెలిసినవాళ్ళు నేరుగా దాని దగ్గరకు పోవచ్చు.

మరి శ్రీలత ఏం చేయాలి?

వాన లెక్క పిల్లలందరితో ఒక బృందం ఏర్పాటు చేయాలి. అది రూట్ చేతిలో పని, అంటే ల్యాబు చూసే టీచరు చేయాలి. డైరెక్టరీని ఆ బృందానికి అప్పగించి దానికి 3775 పెట్టాలి. నాలుగంకెలు ఎక్కడివి అంటారా? ముందున్న అంకె ప్రత్యేక హక్కులది. అక్కడ 1 ఉంటే, డైరెక్టరీలో రాసే హక్కున్నవాళ్ళు సైతం ఎవరి ఫైలు వాళ్ళే తీసేయగలరు. ఇతరుల ఫైలు పేరు కొట్టేయాలంటే డైరెక్టరీ యజమానో, రూటో అయి ఉండాలి. దీన్ని స్టికీ బిట్ అంటారు. అందరూ తాత్కాలికంగా వాడుకునే 'టెంప్' డైరెక్టరీని కాపాడేది ఇదే. 2 ఉంటే అందులో పుట్టే ప్రతి కొత్త ఫైలూ ఆ బృందానికే చెందుతుంది. రెండూ కలిపి 3. ఇక ఫైలుకు 664 పెడితే, బృందంలోని ఎవరైనా అంకెలు వేయొచ్చు, మిగతా బడి అంతా చూడొచ్చు, శ్రీలత, ఆ టీచరు తప్ప మరెవరూ దాన్ని తీసేయలేరు. బృందంలోని కొంటెవాడు లోపలి అంకెలు చెరిపేస్తే మాత్రం స్టికీ బిట్ ఆపలేదు. అంత నమ్మకం లేకపోతే ఫైలుకు 644 పెట్టి అంకెలు తనే వేసుకోవాలి.

ముందంకెలో 4 కూడా ఉంది. అది ప్రోగ్రాములకు. పాస్‌వర్డుల ఫైలులో మామూలు మనిషి రాయలేడు, మరి తన పాస్‌వర్డు తాను ఎలా మార్చుకుంటున్నాడు? ఆ మార్చే ప్రోగ్రాముకు 4 పెట్టి ఉంటుంది. ఎవరు నడిపినా అది తన యజమాని, అంటే రూట్, హక్కులతో నడుస్తుంది. డెన్నిస్ రిచీ ఆలోచన ఇది. 1973లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1979లో మంజూరైంది.

ఏదైనా పనిచేయకపోతే '777 కొట్టెయ్, నడుస్తుంది' అని సలహా చెప్పేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. నడుస్తుంది, నిజమే. తలుపు బిగిసిపోయిందని ఇంటికి తలుపే పీకేస్తే లోపలికి పోవడం సులువే మరి. ఎవరికి ఏ హక్కు తక్కువైందో ఎల్‌ఎస్‌తో చూసి, ఆ ఒక్క హక్కు ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టదు. అంతకంటే పెద్ద తప్పు ఒకటి చాలా ల్యాబుల్లో కనిపిస్తుంది: ముప్ఫైమందికీ కలిపి ఒకే లాగిన్ పేరు, ఒకే పాస్‌వర్డు. అప్పుడు కంప్యూటరు దృష్టిలో ముప్ఫైమందీ ఒక్కరే. అందరూ యజమానులే. ఇంతసేపు చెప్పుకున్న తొమ్మిది గడులూ దండగ. మీ బడిలో అలా ఉంటే మీ సార్‌నో మేడమ్‌నో అడిగి ఎవరి పేరున వారికి ఖాతా పెట్టించుకోండి.

ఖాతా వచ్చాక మీ హోమ్ డైరెక్టరీ అనుమతులు చూసుకోవడం మరవకండి. ఉబుంటు అనే బాగా వాడుకలో ఉన్న లినక్స్‌లో 2021 ఏప్రిల్ దాకా కొత్త ఖాతాల హోమ్‌కు 755 పెట్టేవారు. అంటే ఆ కంప్యూటరులో ఖాతా ఉన్న ఎవరైనా లోపలికి వచ్చి చూడగలిగేవారు. అప్పటినుంచి 750 చేశారు. పాత ఉబుంటు మీద నడుస్తున్న యంత్రంలో ఆదాయ పత్రమో, ఆధార్ నకలో దాచుకున్నవాళ్ళు వెంటనే 700 పెట్టుకోవడం మంచిది.

ఒక పొడుపు ప్రశ్న. ఫైలుకు 077 పెడితే యజమాని చదవగలడా? 'ఇతరులకు అన్ని హక్కులూ ఉన్నాయి, యజమానికి ఉండవా?' అనిపిస్తుంది. ఉండవు! లినక్స్ ముందు 'వచ్చింది యజమానేనా?' అని చూస్తుంది. ఔనంటే మొదటి మూడు గడులు చూసి అక్కడే ఆగిపోతుంది. కాదంటేనే బృందం, అదీ కాకపోతేనే ఇతరులు. ఊరందరికీ తెరిచి ఉన్న ఫైలు సొంతదారుకే మూసుకుపోతుంది. మళ్ళీ అనుమతి మార్చుకునే అధికారం మాత్రం అతని దగ్గరే ఉంటుంది.

బడిలో లినక్స్ కంప్యూటరు లేనివాళ్ళు నిరాశపడనక్కరలేదు. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని గర్భంలో ఉన్నది లినక్సే. ఫోను వాడేది ఒక్కరే కదా, ఇంతమంది యజమానులెందుకు అంటారేమో. ఆండ్రాయిడ్ చేసిన వారు ఒక తెలివైన పని చేశారు. మనుషులకు బదులు ఒక్కో యాప్‌ను ఒక్కో వాడకందారుగా లెక్కవేశారు. యాప్ ఎక్కించగానే దానికో వాడకందారు నంబరు ఇస్తారు; ఆ నంబర్లు 10000 నుంచి మొదలవుతాయి. ఒక్కో యాప్‌కు ఇతరులకు ప్రవేశం లేని సొంత డైరెక్టరీ ఉంటుంది. మీరు ఎక్కించిన ఆటల యాప్, మీ నాన్నగారి బ్యాంకు యాప్ దాచుకున్న ఫైళ్ళలోకి తొంగిచూడలేకపోవడానికి మొదటి కారణం 1971 నాటి ఆ యూనిక్స్ గడులే. 'కెమెరా వాడుకోనా? కాంటాక్టులు చూడనా?' అని తెర మీద అడిగే అనుమతులు దీనిపైన కట్టిన మరో అంతస్తు.

ఇక చివరగా పెన్‌డ్రైవు సంగతి. శ్రీలత తన ఫైలుకు 600 పెట్టి పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇంకో కంప్యూటరులో చూస్తే ఆ 600 కనిపించదు. మామూలు పెన్‌డ్రైవుల్లో వాడే ఫ్యాట్ అనే పద్ధతిలో యజమాని పేరు రాసుకునే చోటే లేదు, తొమ్మిది గడులూ లేవు. పెన్‌డ్రైవు ఎవరి చేతిలో ఉంటే ఫైలు వాళ్ళది. అలాగే కంప్యూటరు విప్పి డిస్కు బయటకు తీసి, తాను రూట్‌గా ఉన్న మరో యంత్రానికి తగిలించుకున్నవాడిని కూడా ఈ గడులు ఆపలేవు. అలాంటి వాళ్ళనుంచి దాచాలంటే రాతనే గూఢలిపిలోకి మార్చాలి, దానికి వేరే లెక్కలున్నాయి. వాన లెక్కలో దాచవలసిన రహస్యమేమీ లేదు గనుక శ్రీలతకు ఆ అవసరం రాదు. ఆమె పెన్‌డ్రైవులో ఒక నకలు, నోటుపుస్తకంలో మరో నకలు ఉంచుకుంటే చాలు.